తల్లిదండ్రుల్లో కనిపించని లక్షణం బిడ్డల్లో ఎలా కనిపిస్తుంది?

వంశపారంపర్య లక్షణాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పొడవు, పొట్టి బఠాణీ మొక్కలను సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ పొడవుగానే వచ్చాయని, రెండో తరంలో పొట్టివి మళ్లీ కనిపించాయని పాఠ్యపుస్తకంలో చదివాను. ఒక తరమంతా కనిపించకుండా పోయిన లక్షణం తరువాతి తరంలో ఏ మార్పూ లేకుండా ఎలా తిరిగి వస్తుంది? కంటికి కనిపించని కారకాలు ఉన్నాయని మెండెల్ ఎలా తేల్చగలిగారు? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: మెండెల్ కాలంలో చాలామంది శాస్త్రజ్ఞులు తల్లి లక్షణమూ తండ్రి లక్షణమూ బిడ్డలో రెండు రంగులు కలిసిపోయినట్లు కలిసిపోతాయని నమ్మేవారు. అదే నిజమైతే పొడవు, పొట్టి మొక్కల సంతానం మధ్యస్థమైన ఎత్తులో ఉండాలి. అలా కలిసిపోయిన లక్షణం మళ్లీ విడిగా బయటపడే అవకాశమే ఉండకూడదు. బఠాణీ మొక్కల్లో జరిగింది దీనికి పూర్తిగా భిన్నం.

గ్రెగర్ మెండెల్ నేటి చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో నగరంలో, సెయింట్ థామస్ మఠానికి చెందిన సన్యాసి. 1856 నుంచి 1863 వరకు ఆ మఠం తోటలో ఆయన బఠాణీ మొక్కలతో ప్రయోగాలు చేశారు. ఆ మొక్కను ఎంచుకోవడంలోనే ఆయన సూక్ష్మదృష్టి కనిపిస్తుంది. బఠాణీ పువ్వులో పుప్పొడినిచ్చే కేసరాలనూ దానిని అందుకునే కీలాగ్రాన్నీ కింది రెండు పూరేకులు పడవ ఆకారంలో కలిసి మూసి ఉంచుతాయి కాబట్టి, పువ్వు పూర్తిగా విచ్చుకోకముందే దాని పుప్పొడి దాని కీలాగ్రం మీదనే పడుతుంది. అందువల్ల ఏళ్ల తరబడి ఒకే లక్షణాన్ని నిలబెట్టుకునే శుద్ధ రకాలు సులభంగా దొరుకుతాయి. కావాలనుకుంటే మనిషి ఈ ఏర్పాటులో జోక్యం చేసుకోనూ వచ్చు. పుప్పొడి ఇంకా పక్వానికి రాని మొగ్గను విప్పి, లోపలి పది కేసరాలను పట్టకారుతో తీసివేసి, మరో మొక్క పుప్పొడిని కీలాగ్రానికి అంటిస్తే, పుట్టబోయే గింజకు తల్లి ఏదో తండ్రి ఏదో నిస్సందేహంగా తెలుస్తుంది.

గింజ ఆకారం, రంగు వంటి లక్షణాల విషయంలో ఇంకో సౌలభ్యం కూడా ఉంది. కాయ తల్లి మొక్కదే అయినా దానిలోని గింజల బీజదళాలు (గింజ లోపలి పప్పు బద్దలు) తరువాతి తరానివి. కాబట్టి ఆ తరాన్ని చూడడానికి గింజలు విత్తి మొక్కలు పెరిగేదాకా ఆగనక్కరలేదు. సంకర మొక్క కాయను ఒలిస్తే చాలు, ఒకే కాయలో నున్నటి గింజల పక్కనే ముడతలు పడిన గింజలు కనిపిస్తాయి. మెండెల్ 253 సంకర మొక్కల నుంచి 7,324 గింజలు సేకరించి లెక్కపెడితే 5,474 నున్నగా, 1,850 ముడతలతో ఉన్నాయి. అంటే నిష్పత్తి 2.96:1. బీజదళాల రంగును పరిశీలించినప్పుడు 6,022 పసుపు గింజలు, 2,001 ఆకుపచ్చ గింజలు వచ్చాయి. ఆయన పరిశీలించిన ఏడు లక్షణాల్లోనూ రెండో తరంలో దాదాపు ఇదే 3:1 నిష్పత్తి కనిపించింది.

అయితే నా దృష్టిలో మెండెల్ ప్రతిభ ఈ 3:1 నిష్పత్తిలో కంటే ఆ తరువాత వేసిన అడుగులో ఎక్కువగా ఉంది. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. రెండో తరంలోని నున్నటి గింజలన్నీ చూడడానికి ఒకటిగానే ఉన్నా, లోపల కూడా ఒకటేనా అన్న సందేహంతో ఆయన వాటిని మళ్లీ విత్తి, ఆత్మపరాగ సంపర్కం జరగనిచ్చి, ఏ మొక్క ఎలాంటి గింజలు ఇస్తుందో చూశారు. అలా పెంచిన 565 మొక్కల్లో 193 మొక్కలు నున్నటి గింజలు మాత్రమే ఇచ్చాయి. మిగిలిన 372 మొక్కలు నున్నటి గింజలనూ ముడతల గింజలనూ మళ్లీ 3:1 నిష్పత్తిలో ఇచ్చాయి. ముడతల గింజల నుంచి వచ్చిన మొక్కలు మాత్రం ముడతల గింజలనే ఇచ్చాయి. దీనిని బట్టి పైకి 3:1గా కనిపించేది లోపల 1:2:1 అని తేలింది: ఒక వంతు శుద్ధమైన నున్నటివి, రెండు వంతులు ముడతల కారకాన్ని దాచుకున్న నున్నటివి, ఒక వంతు శుద్ధమైన ముడతలవి.

ఈ లెక్క కుదరాలంటే ప్రతి మొక్కలోనూ ఒక్కో లక్షణానికి రెండేసి కారకాలు ఉండాలి. సంయోగబీజాలు, అంటే అండం, పుప్పొడిలోని పురుషకణం వంటి లైంగిక కణాలు ఏర్పడేటప్పుడు ఆ రెండూ విడిపోయి ఒక్కో బీజంలోకి ఒక్కటి మాత్రమే వెళ్లాలి. సంకర మొక్క సంయోగబీజాల్లో సగం నున్నటి కారకాన్నీ సగం ముడతల కారకాన్నీ మోసుకుపోతాయి కాబట్టి, అవి యాదృచ్ఛికంగా కలిసినప్పుడు రెండు ముడతల కారకాలు కలిసే అవకాశం సగంలో సగం, అంటే నాలుగో వంతు. కారకాలు ఇలా విడిపోతాయని చెప్పేదే పృథక్కరణ సూత్రం. సంకర మొక్కలో బయటికి కనిపించే బహిర్గత కారకం పక్కన ఉన్నంత మాత్రాన, దాగి ఉండే అంతర్గత కారకం పలచబడదు, చెరిగిపోదు, రూపు మారదు. తోడుగా తనలాంటిదే మరొకటి దొరికిన తరంలో యథాతథంగా వ్యక్తమవుతుంది. నేడు ఆ కారకాలను జన్యువులనీ, ఒకే జన్యువుకు ఉండే భిన్న రూపాలను యుగ్మవికల్పాలనీ పిలుస్తున్నాం. అవి విడిపోవడానికి కారణం సంయోగబీజాలను తయారుచేసే క్షయకరణ విభజనలో, జన్యువులను మోసే జత క్రోమోజోములు విడిపోవడమేనని మనకు తెలుసు. మెండెల్ తన ఫలితాలను 1865లో బ్రనోలోని ప్రకృతి శాస్త్ర సంఘం సమావేశాల్లో చదివి, 1866లో ప్రచురించారు. ఆయన 1884లో మరణించారు. ఆ పరిశోధన విలువను వృక్షశాస్త్రజ్ఞులు హ్యూగో డి వ్రీస్, కార్ల్ కారెన్స్ తదితరులు లోకానికి చాటింది 1900లో.

ప్రశ్న: మా అన్నయ్య, వదిన ఇద్దరూ బీటా థలసేమియా అనే రక్తవ్యాధికి వాహకులని, మొదటి బిడ్డకు వ్యాధి నిర్ధారణ అయ్యాకే తెలిసింది. నలుగురిలో ఒకరికి వస్తుందని వైద్యులు చెప్పారు. ఒకరికి వచ్చేసింది కాబట్టి తరువాతి ముగ్గురూ ఆరోగ్యంగా పుడతారని ధైర్యంగా ఉండవచ్చా? రెండో బిడ్డకు వ్యాధి లేదు. ఆ అమ్మాయి వాహకురాలు అయ్యే అవకాశం ఎంత?

జవాబు: అలా ధైర్యంగా ఉండడానికి వీలులేదు. ఈ అపోహ కుటుంబాలకు తీరని బాధ కలిగించగలదు కాబట్టి దీనిని స్పష్టంగా చెప్పవలసి ఉంది. వాహకులంటే ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి మాత్రమే లోపంతో ఉన్నవారు; బిడ్డకు ఇద్దరి నుంచీ లోపమున్న ప్రతే చేరితే వ్యాధి వస్తుంది. నలుగురిలో ఒకరు అన్నది నలుగురు పిల్లలకు ముందే పంచిపెట్టిన వాటా కాదు. ప్రతి గర్భధారణలోనూ కొత్తగా వర్తించే సంభావ్యత. తల్లి అండంలోకి ఆమె రెండు యుగ్మవికల్పాల్లో ఏది చేరుతుందన్నది, తండ్రి శుక్రకణంలోకి ఆయన రెండింటిలో ఏది చేరుతుందన్నది ప్రతిసారీ మొదటి నుంచి నిర్ణయమవుతుంది. అంతకుముందు పుట్టిన బిడ్డకు ఏం వచ్చిందన్నదానితో దానికి సంబంధం లేదు. మెండెల్ నివేదికలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. వేల గింజలను కలిపి చూస్తే 3:1 దాదాపు కచ్చితంగా వచ్చినా, విడివిడిగా చూస్తే ఒక మొక్కలో 43 నున్నటివి, 2 మాత్రమే ముడతలవి ఉన్నాయి. మరో మొక్కలో 14 నున్నటివి, 15 ముడతలవి ఉన్నాయి. గింజలు పదుల్లో ఉన్నప్పుడే ఇంత తేడా వస్తే, ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో నిష్పత్తి కుదరాలని ఆశించడం సరికాదు. ఇద్దరూ వాహకులైన దంపతులకు నలుగురు పిల్లలు పుడితే, సరిగ్గా ఒక్కరికే వ్యాధి వచ్చే సంభావ్యత 42 శాతం, ఎవరికీ రాకపోయే సంభావ్యత 32 శాతం, ఇద్దరికి లేదా అంతకన్నా ఎక్కువ మందికి వచ్చే సంభావ్యత 26 శాతం.

ఇక రెండో బిడ్డ సంగతి. వాహకుల సంతానంలో సగం మంది వాహకులవుతారు కాబట్టి ఆమె వాహకురాలయ్యే అవకాశం కూడా సగమేనని చాలామంది లెక్క వేస్తారు. కాని ఆమెకు వ్యాధి లేదని మనకు ఇప్పటికే తెలుసు. అందువల్ల 1:2:1లో వ్యాధిగ్రస్తులయ్యే ఒక వంతును తీసివేయాలి. మిగిలిన మూడు వంతుల్లో రెండు వంతులు వాహకులవి కనుక అవకాశం మూడింట రెండు వంతులు. మెండెల్ పరీక్షించిన 565 మొక్కల్లో 372 ముడతల కారకాన్ని దాచుకుని ఉండడం సరిగ్గా ఈ లెక్కే. నిజానికి ఆ అమ్మాయి విషయంలో సంభావ్యతతో సరిపెట్టుకోనక్కరలేదు. హిమోగ్లోబిన్ రకాలను కొలిచే రక్తపరీక్షతో ఆమె వాహకురాలో కాదో తెలుసుకోవచ్చు. ఒకవేళ అయినా, ఆమె జీవిత భాగస్వామి వాహకుడు కానంతవరకు పిల్లలకు తీవ్రమైన బీటా థలసేమియా వచ్చే అవకాశం సాధారణంగా ఉండదు. మీ అన్నయ్య, వదిన మరో బిడ్డ కావాలనుకుంటే, గర్భం రాకముందే జన్యు సలహాదారును కలవడం మంచిది. గర్భస్థ శిశువుకు వ్యాధి ఉందో లేదో మొదటి నెలల్లోనే తెలుసుకునే పరీక్షలు ఉన్నాయి. వాహకులు సాధారణంగా ఆరోగ్యంగా ఉంటారు. తమలో ఆ జన్యువు ఉందని పరీక్ష చేయించుకుంటే తప్ప తెలిసే మార్గం లేదు. కాబట్టి ఇందులో ఇద్దరిలో ఎవరినీ నిందించవలసిన పని లేదు.

ప్రశ్న: బహిర్గత లక్షణం అంతర్గత లక్షణాన్ని అణచివేస్తుందంటారు కదా. మరి కొన్ని తరాలు గడిచేసరికి అంతర్గత లక్షణాలన్నీ అంతరించి బహిర్గత లక్షణాలే మిగలాలి. అలా ఎందుకు జరగడం లేదు?

జవాబు: మెండెల్ సూత్రాలు వెలుగులోకి వచ్చిన తొలి సంవత్సరాల్లో శాస్త్రజ్ఞులకు కూడా ఇదే సందేహం కలిగింది. 1908లో ఇంగ్లండ్‌లో గణిత శాస్త్రజ్ఞుడు జి.హెచ్. హార్డీ, జర్మనీలో వైద్యుడు విల్హెల్మ్ వైన్‌బెర్గ్ ఎవరికి వారుగా దీనికి సమాధానం ఇచ్చారు. వెయ్యిమంది ఉన్న జనాభాలో ఒక జన్యువుకు రెండు వేల ప్రతులు ఉంటాయి. వాటిలో 20 ప్రతులు బహిర్గత రూపంలో ఉన్నాయనుకుందాం. బహిర్గతమైనంత మాత్రాన ఆ ప్రతికి సంయోగబీజంలోకి వెళ్లే అవకాశం పెరగదు. ఏ ప్రతికైనా ఉండేది సగం అవకాశమే. కాబట్టి ఆ లక్షణం వల్ల బతకడంలోనో పిల్లలను కనడంలోనో లాభనష్టాలు లేనంతవరకు, తరువాతి తరంలోనూ ఆ ప్రతులు సగటున నూటికి ఒకటిగానే ఉంటాయి. ఒక జత యుగ్మవికల్పాల్లో ఏది బయటికి కనిపిస్తుందో బహిర్గతత్వం చెబుతుంది తప్ప ఏది ఎక్కువమందిలో ఉంటుందో, ఏది మేలైనదో చెప్పదు. చేతికి ఆరో వేలు రావడం అనేక కుటుంబాల్లో బహిర్గత లక్షణమే అయినా అది అరుదు. ఓ రక్తవర్గం అంతర్గత లక్షణమే అయినా ఎన్నో జనాభాల్లో అత్యధికులది ఆ వర్గమే.

అసలు అణచివేత అన్న ఊహనే పక్కన పెట్టి, ముడతల గింజ లోపల జరిగేది చూస్తే విషయం తేటపడుతుంది. 1990లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం, పిండిపదార్థం అణువులకు కొమ్మలు తొడిగే ఒక ఎంజైమును తయారుచేసే జన్యువు మధ్యలో సుమారు 800 క్షారాల (డి.ఎన్.ఎ. గొలుసులోని అక్షరాల వంటి భాగాల) పొడవున్న డి.ఎన్.ఎ. ముక్క ఒకటి చొరబడడం వల్ల ఆ ఎంజైము పనిచేయకుండా పోయింది. ఎంజైము లేకపోతే చక్కెర పిండిపదార్థంగా మారడం తగ్గి గింజలో సుక్రోజు అనే చక్కెర పేరుకుంటుంది. ఆ తీపి వల్ల ఎదిగే గింజ ఎక్కువ నీరు పీల్చుకుని ఉబ్బి, ఎండేటప్పుడు ఆ నీరంతా పోయి ముడతలు పడుతుంది. సంకర గింజలో ఒక ప్రతి పాడైనా రెండోది పనిచేస్తుంది. అది తయారుచేసే ఎంజైము గింజ నున్నగా ఉండడానికి సరిపోతుంది. ఇక్కడ ఒక ప్రతి మరో ప్రతిని అణచడమంటూ ఏమీ లేదు. ఒకటి పనిచేస్తోంది, ఒకటి పనిచేయడం లేదు, అంతే.

ఇంకా ఆసక్తికరమైన విషయం, అదే సంకర గింజలోని పిండి రేణువులను సూక్ష్మదర్శినితో చూస్తే అవి నున్నటి రకానివిగానూ ముడతల రకానివిగానూ కాక మధ్యస్థంగా ఉంటాయి. కంటికి పూర్తి బహిర్గతత్వంగా తోచేది సూక్ష్మదర్శిని కింద అసంపూర్ణ బహిర్గతత్వం అవుతుంది. కొడవలి కణ రక్తహీనతలో కూడా ఇంతే. ఒక ప్రతి మాత్రమే మారినవారిలో వ్యాధి సాధారణంగా కనిపించదు కనుక వ్యాధి అంతర్గతం. వారి రక్తంలో మామూలు హిమోగ్లోబిన్, మారిన హిమోగ్లోబిన్ రెండూ ఉంటాయి కనుక ఆ స్థాయిలో అది సహబహిర్గతత్వం. తీవ్రమైన మలేరియా నుంచి రక్షణకు ఆ ఒక్క ప్రతే చాలు. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచి ఉండడానికి కారణం ఈ రక్షణే.

ప్రశ్న: తండ్రిది ఎ వర్గం, తల్లిది బి వర్గం అయితే బిడ్డకు ఓ వర్గం వస్తుందా?

జవాబు: వస్తుంది. ఎ, బి, ఓ అనే మూడు యుగ్మవికల్పాల్లో ఎ, బి రెండూ ఓ మీద బహిర్గతం. అవి రెండూ ఒకరిలోనే ఉన్నప్పుడు రెండూ వ్యక్తమై ఎబి వర్గం అవుతుంది. ఎ వర్గం తండ్రిలో ఎ, ఓ ఉండి, బి వర్గం తల్లిలో బి, ఓ ఉంటే, వారి పిల్లలకు ఎ, బి, ఎబి, ఓ వర్గాల్లో ఏదైనా నాలుగింట ఒక వంతు సంభావ్యతతో రావచ్చు. ఎబి వర్గం వారికి ఓ వర్గం బిడ్డ పుట్టడం మాత్రం సాధారణంగా జరగదు. దీనికి కూడా మినహాయింపులు ఉన్నాయి. 1952లో తొలిసారి నివేదించిన బాంబే రక్తవర్గం వారిలో ఎ, బి జన్యువులు ఉన్నప్పటికీ, వాటికి ఆధారమైన హెచ్ పదార్థం తయారు కానందువల్ల మామూలు పరీక్షలో ఓ వర్గంగా కనిపిస్తారు. కాబట్టి రక్తవర్గం ఒక్కటే చూసి ఏ కుటుంబంలోనూ ఎవరినీ అనుమానించరాదు.

ప్రశ్న: మా నాన్నగారికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియదు. నాకు గాని మావారికి గాని ఆ ఇబ్బంది లేదు. ఇప్పుడు మా అబ్బాయికి ఉందని తేలింది. ఇది మావారి వైపు నుంచి వచ్చి ఉంటుందా?

జవాబు: మీ నాన్నగారి నుంచి మీ ద్వారా వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ రంగులను గుర్తించే జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. స్త్రీలకు ఎక్స్ క్రోమోజోములు రెండుంటే మగవారికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి కాబట్టి, దాని మీద లోపం ఉంటే కప్పిపుచ్చే రెండో ప్రతి ఉండదు. మీ నాన్నగారు తన ఒకే ఒక ఎక్స్‌ను మీకు తప్పనిసరిగా ఇచ్చారు. మీ అమ్మగారి నుంచి వచ్చిన ఎక్స్ బాగుండడం వల్ల మీ చూపుకు ఇబ్బంది రాలేదు. మీ అబ్బాయికి మీ రెండు ఎక్స్‌లలో మీ నాన్నగారిది చేరింది. మీ భర్త కొడుక్కి ఇచ్చేది వై క్రోమోజోము మాత్రమే కనుక ఆయన నుంచి ఇది రావడానికి వీలులేదు. ఇదే కారణంగా మీ అబ్బాయి నుంచి అతని కొడుకులకు ఇది రాదు. అతని కూతుళ్లందరూ మాత్రం మీలాగే వాహకులవుతారు. ఉత్తర ఐరోపా సంతతి పురుషుల్లో ఇలాంటి వర్ణాంధత్వం దాదాపు 8 శాతం మందిలో ఉంటే స్త్రీలలో అర శాతం దగ్గరే ఉండడానికి కారణం, స్త్రీకి ఇది రావాలంటే రెండు ఎక్స్‌లలోనూ లోపం ఉండవలసి రావడమే.

ప్రశ్న: ఒక లక్షణం తండ్రి నుంచి వచ్చినప్పుడు ఇంకొక లక్షణం కూడా దానితోపాటే రావాలని ఉందా?

జవాబు: లేదు. నున్నటి పసుపు గింజల రకాన్ని ముడతల ఆకుపచ్చ గింజల రకంతో మెండెల్ సంకరం చేసినప్పుడు, రెండో తరంలో నున్నటి పసుపువి 315, నున్నటి ఆకుపచ్చవి 108, ముడతల పసుపువి 101, ముడతల ఆకుపచ్చవి 32 వచ్చాయి. ఇది ఇంచుమించు 9:3:3:1. అంటే ఆకారం జన్యువు, రంగు జన్యువు దేనికది స్వతంత్రంగా పంపిణీ అయ్యాయి. అయితే ఈ స్వతంత్ర వ్యూహన సూత్రం అన్ని జన్యువులకూ వర్తించదు. ఒకే క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉన్న జన్యువులు ఎక్కువసార్లు కలిసే ప్రయాణిస్తాయి. దీనిని సహలగ్నత అంటారు. అవి ఎంత తరచుగా విడిపోతున్నాయో లెక్కించి, వాటి మధ్య దూరాన్ని అంచనా వేయవచ్చని గ్రహించిన ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ 1913లో పండు ఈగ జన్యువులకు తొలి క్రోమోజోము పటాన్ని ప్రచురించారు.

ప్రశ్న: నాలుకను గొట్టంలా మడవడం బహిర్గత లక్షణమని తరగతిలో చెప్పారు. నేను మడవగలను, మా అమ్మానాన్నలు మడవలేరు. ఇది ఎలా సాధ్యం? (తొమ్మిదో తరగతి విద్యార్థి)

జవాబు: నిశ్చింతగా ఉండండి, మీ కుటుంబంలో అసాధారణమేమీ లేదు. నాలుక మడవడం ఒక్క జన్యువు వల్ల కలిగే బహిర్గత లక్షణమని 1940లో సూచించింది పై జవాబులో చెప్పిన స్టర్టెవాంటే. తరువాత జన్యువులన్నీ ఒకటేగా ఉండే సమరూప కవలల్లో ఒకరు మడవగలిగి మరొకరు మడవలేకపోవడం బయటపడింది. ఒక్క జన్యువే కారణమైతే అలా జరగదు కనుక ఆ సూచన నిలబడలేదు. అయినా అది ఇంకా పాఠాల్లో కొనసాగుతుండడం విచారకరం. చెవి తమ్మెల ఆకారం వంటి మరికొన్ని ఉదాహరణల పరిస్థితి కూడా ఇదే. మనుషుల్లో తేలికగా కంటికి కనిపించే లక్షణాల్లో చాలావరకు ఒక్క జన్యువుతో తేలేవి కావు. ఎత్తునే తీసుకుంటే, ఎన్నో జన్యువులు ఒక్కొక్కటి మెండెల్ సూత్రాల ప్రకారమే సంక్రమించినా వాటి ప్రభావాలు కలిసినప్పుడు అడ్డగీతలు లేని నిరంతర శ్రేణి ఏర్పడుతుందని 1918లో గణాంక శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ గణితపరంగా చూపించారు. యాభై లక్షల మందికి పైగా సమాచారంతో 2022లో వెలువడిన అధ్యయనం ఎత్తుతో సంబంధమున్న సుమారు 12,000 జన్యు భేదాలను గుర్తించింది. పోషణ ప్రభావం దీనికి అదనం. అందుకే బఠాణీ మొక్క పొడవును, తల్లిదండ్రుల కారకాల కలయికలను రాసే నాలుగు గడుల పట్టికతో చెప్పగలిగినట్లు మీ ఎత్తు ఎంత అవుతుందో చెప్పలేం. అమ్మానాన్నల ఎత్తును బట్టి వేసేది అంచనా మాత్రమే. అది కొన్ని అంగుళాలు అటూ ఇటూ కావడం మామూలే.